ఫైలు మోయడానికి ఇంకో నడుం కావాలి

ఆరేళ్ళుగా నడుం నొప్పి నాకు, దానికి తోడు ఈ ఫైలొకటి. విజయవాడ సూర్యారావుపేటలో ఏ డాక్టర్ దగ్గరికెళ్ళినా మొదటి మాట "పాత రిపోర్టులు తెచ్చారా?" అనే. చీరల షాపు కవర్లో ఎమ్మారై ఫిల్ములు, ఎక్స్‌రేలు, మందుల చీటీలు కుక్కుకుని బెంజ్ సర్కిల్ నుంచి ఆటోలో ఎగురుకుంటూ వెళ్తే, ఆయన అర నిమిషం లైటుకి పెట్టి చూసి "పాతది కదా, మళ్ళీ తీయించండి" అంటాడు. మరి తెమ్మన్నదెందుకు సామీ!

పోయినేడాది వెన్నులో ఇంజెక్షన్ చేసిన చోటికెళ్ళి ఏ మందు, ఎక్కడ చేశారో కాగితం ఇవ్వండి అంటే ఇవాళ సిస్టమ్ పనిచేయట్లేదన్నారు, మర్నాడు వెళ్తే రికార్డులు చూసేవాడు లీవు. ఇన్‌పేషెంట్ రికార్డులు మూడేళ్ళు దాచాలి, అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి అని 2002 మెడికల్ కౌన్సిల్ రూల్స్‌లోనే ఉందండీ అంటే కౌంటర్లో అమ్మాయి నన్నేదో కేసు వేయడానికొచ్చినవాడిలా చూసింది. మూడోసారికి ఇచ్చారు, అదీ సగం అక్షరాలు పడని జిరాక్సు.

అందుకే ఇప్పుడు ప్రతి కాగితం చేతికి రాగానే ఫోన్లో ఫొటో తీసేస్తున్నా, ఆ బిల్లు చీటీలైతే ఎండాకాలం దాటేసరికి తెల్లకాగితాలైపోతున్నాయి మరి. మా అమ్మేమో బీరువా సర్దినప్పుడల్లా "ఇవన్నీ పాతవేగా, పారేయనా?" అంటుంది.