వెన్న తీయించి నెయ్యి కొనే శాస్త్రం

పాలలో నీళ్లు కలపడం నేరమని మన సమాజం చాలాకాలంగా నమ్ముతోంది. ఆ నేరానికి పాలవాళ్లు తరతరాలుగా నిందలు మోశారు, లాక్టోమీటర్ ముందు తలదించుకున్నారు. ఆవుపాలలో నూటికి సుమారు 87 పాళ్లు నీళ్లేనన్నది శాస్త్రం. అంత పనిని ఆవే స్వయంగా చేసిపెట్టినప్పుడు, మిగిలిన కాస్తా పూర్తిచేసినవాణ్ణి దోషిగా నిలబెట్టడం ఎంతవరకు ధర్మమో పెద్దలు ఆలోచించాలి.

పైగా ఇదే పని పద్ధతిగా చేస్తే గౌరవం దక్కుతుంది. 1940లలో బొంబాయిలో దారా ఖురోడీ అనే పాడిరంగ నిపుణుడు చిక్కటి గేదెపాలకు వెన్న తీసిన పాలపొడినీ నీళ్లనూ జోడించి, కొవ్వు తగ్గించి, పరిమాణం పెంచి, సామాన్యుడికి అందే ధరలో టోన్డ్ పాలను తీసుకొచ్చారు. 1963లో అమూల్‌ను తీర్చిదిద్దిన కురియన్, త్రిభువన్‌దాస్ పటేల్‌లతో కలిసి ఆయన రామన్ మెగసెసే పురస్కారం అందుకున్నారు. మన పాలవాడు చేసిన పొరపాటల్లా పొడి కలపడం మరిచిపోవడమే.

ఆనాడు చౌకకోసం పుట్టిన ఆ పాలు ఈనాడు ఆరోగ్యంకోసం మన ఇళ్లకు వస్తున్నాయి. ఫుల్‌క్రీమ్ పాలలో 6 శాతం, టోన్డ్ పాలలో 3 శాతం, డబుల్ టోన్డ్ పాలలో 1.5 శాతం కొవ్వు ఉంటుంది. ఇంటిపెద్ద రక్తపరీక్షలో కొలెస్ట్రాల్ అంకె ఎర్రసిరాతో అచ్చయి వచ్చిన మర్నాడే ఇంట్లో ప్యాకెట్టు మారిపోతుంది. అరలీటరు దగ్గర 30 గ్రాముల కొవ్వు ఏడున్నర గ్రాములకు దిగుతుంది. కాల్షియమూ మాంసకృత్తులూ వెన్నతో పాటు పోవు కనుక వైద్యుడి సలహాలో తప్పు పట్టడానికేమీ లేదు. ఎ, డి విటమిన్లు మాత్రం కొవ్వును అంటిపెట్టుకుని వెళ్లిపోతాయి. కంపెనీవారు వాటిని విడిగా తెచ్చి మళ్లీ పాలలో కలుపుతారు. తీయడం ఒక పరిశ్రమ, తీసింది తిరిగి కలపడం ఇంకొక పరిశ్రమ. దేశంలో ఉపాధి ఇలాగే పెరగాలి.

ఇలా పొద్దున్నే మిగుల్చుకున్న ఇరవై రెండు గ్రాముల కొవ్వు మధ్యాహ్నభోజనం దాకా క్షేమంగా ఉంటుంది. అప్పుడు ముద్దపప్పు వస్తుంది, పక్కనే ఆవకాయ వస్తుంది, వాటి వెనకే నెయ్యిగిన్నె వస్తుంది. రెండు పెద్ద చెంచాల నెయ్యి అంటే ఇంచుమించు 28 గ్రాములు, దాదాపు అంతా కొవ్వే, అందులో సగానికి పైగా సంతృప్త కొవ్వు. వెన్న చేతిలో పెట్టుకుని నెయ్యికోసం ఊరంతా వెతికినవాణ్ణి మన పెద్దలు వెర్రివాడన్నారు. ఆ వెన్నను డబ్బిచ్చి తీయించి, మళ్లీ డబ్బిచ్చి నెయ్యి కొన్నవాడి గురించి వారేమీ అనలేదు; అంతటి నాగరికతను వారు ఊహించి ఉండరు.

ఆ నెయ్యి కూడా సామాన్యమైనది కాకూడదు. సీసా మీద ఎ2 అని రాసి ఉండాలి, ధర చూడగానే గుండె ఒక్కసారి ఆగాలి. గుండెకు మంచిదన్న మాట బహుశా ఆ కోణంలోనే అని ఉంటారు. ఎ1, ఎ2 అన్నవి పాలలోని బీటా కేసీన్ అనే మాంసకృత్తిలో రకాలు. వెన్న కాచి, గసి వడగట్టాక మాంసకృత్తి ఇంచుమించు మిగలని పదార్థమే నెయ్యి. అంటే గడ్డం గీయించుకున్నవాడు తన గడ్డం రంగును గుర్తింపుకార్డులో రాయించుకున్నట్టు. 2024 ఆగస్టు 21న ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఈ రాతలను తొలగించమని కంపెనీలను ఆదేశించింది. 26న ఆ ఆదేశాన్ని వెనక్కి తీసుకుంది. తోడుపెట్టిన పాలు తోడుకోవడానికి ఒక రాత్రి చాలు. ప్రభుత్వ నిర్ణయం విరగడానికి అయిదు రోజులు పట్టిందంటే మన యంత్రాంగం ఎంత నిదానంగా ఆలోచిస్తుందో గ్రహించాలి. ఇంతకూ మన గేదె తరతరాలుగా ఇస్తున్నవి ఎ2 పాలే. పాపం, దానికి చదువు రాదు కనుక ఆ సంగతి ఎక్కడా రాసుకోలేదు.

ఇదే ఇంట్లో పాలు విరిగితే తల్లి ముద్దను దాచి, తేటను తూములో పోస్తుంది. అందులో ఉండే మాంసకృత్తినే ఎండబెట్టి, చాక్లెట్ వాసన పట్టించి, డబ్బాకెత్తితే, జిమ్ముకు వెళ్లే కొడుకు నెలజీతంలో గట్టి వాటా పెట్టి కొని తెచ్చుకుంటాడు. పక్కింట్లో ఊరికే దొరికే తోడును మరిచి, కోడలు బొటనవేలంత సీసాలో మేలుచేసే సూక్ష్మజీవులను కొంటుంది. పాలు పడనివారు పెరుగన్నం నిశ్చింతగా తినగలగడానికి, పాలలోని చక్కెరను కొంతమేరకు అరిగించి పెట్టేది ఆ తోడులోని సూక్ష్మజీవులే అన్న సంగతిని మాత్రం ఏ సీసా మీదా అచ్చువేయరు. ఉచితమైనదానికి ప్రకటన ఎవరిస్తారు?

మొన్న మా ఇంటావిడ వారంరోజులు డబుల్ టోన్డ్ పాల మీద మీగడ తీసి నెయ్యి కాచాలని సంకల్పించింది. ఏడో రోజుకు గిన్నె అడుగు కూడా తడవలేదు. తెల్లవారుజామున ప్యాకెట్లు వేసే కుర్రాణ్ణి గుమ్మంలో నిలబెట్టి, నీళ్లు ఎంత కలుపుతున్నావో నిజం చెప్పమంది. వాడు సంచి కింద పెట్టి, ఎంతో వినయంగా, "నేను కలపలేదమ్మా, కలిపే పంపుతున్నారు. మీరడిగిందే అది కదా" అన్నాడు.