మూడు మంగళవారాల పండుగ

పైడితల్లి అమ్మవారి పూజారిని పొడవాటి చెట్టు మాను చివర కూర్చోబెట్టి ఊరేగించే సిరిమాను నాడు విజయనగరంలో ఇసుక వేస్తే రాలదు. మూడులాంతర్ల దగ్గరి పైడితల్లి గుడి నుంచి కోట దాకా మాను మూడుసార్లు తిరిగిందో లేదో, లక్షల జనం బస్టాండు వైపు, రైల్వేస్టేషన్ వైపు మళ్లుతుంది. ఆ పూటకి హోటళ్లకు, తిరునాళ్ల అంగళ్లకు గిరాకీ బాగానే ఉంటుంది. తెల్లారితే మున్సిపాలిటీకి మిగిలేది చెత్త. రాష్ట్ర పండుగ హోదా ఉన్న ఉత్సవానికి ఇంత చిన్న లెక్కేనా?

నిజానికి ఇది ఒక్కరోజు పండుగ కాదు. దసరా వెళ్లాక సోమవారం రాత్రి తొలేళ్లు. ఆ రాత్రి రైతులకు విత్తనాలు పంచుతారు. వాటిని తమ విత్తనాల్లో కలిపి చల్లితే పంట బాగా పండుతుందని నమ్మకం. మర్నాడు సిరిమాను. పై మంగళవారం పెద్దచెరువులో తెప్పోత్సవం, ఆపై మంగళవారం ఉయ్యాల కంబాల వేడుక. అధికారుల టెన్షనంతా మాను తిరిగే ఆ రెండు మూడు గంటల మీదే. బందోబస్తు ముఖ్యమే, కాదనం. కానీ బయటి ఊళ్లవాళ్లకు మిగతా రెండు మంగళవారాల సంగతి చెప్పే నాథుడేడీ?

ఈ మూడు మంగళవారాల మధ్య వచ్చినవాళ్లు చూడదగ్గవి, కొనదగ్గవి చుట్టుపక్కలే ఉన్నాయి. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో వీణలు చేస్తారు. పనస దుంగను తొలిచి, కుండ (గుండ్రటి భాగం), దండి (పొడవాటి మెడ) విడివిడిగా కాకుండా ఒకే కొయ్యలో తీసే ఏకాండి వీణ అక్కడి ప్రత్యేకత. మైనం పరిచి ఇరవై నాలుగు మెట్లు కూర్చే పని చెవితో చేయాల్సిందే, కొలబద్దతో కుదరదు. ఈ వీణకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఎప్పుడో వచ్చింది. ఇప్పుడు పొయ్యి వెలిగిస్తున్నది మాత్రం సన్మాన సభల్లో చేతికిచ్చే చిన్న బొమ్మ వీణలు. వాటిని చులకన చేయడం మా ఉద్దేశం కాదు, అవే లేకపోతే ఉలి పట్టే చేతులే ఉండేవి కావు. 1757లో కత్తులు దూసుకున్న బొబ్బిలి, విజయనగరం ఇప్పుడు ఒకే జిల్లాలో ఉన్నా, ఆ ఊరి వీణకు ఈ ఊరి పండుగలో సరైన చోటు లేదు.

ఇక్కడ 1919లో మొదలైన సంగీత కళాశాల ఉంది. ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి ప్రిన్సిపాల్, ఘంటసాల అక్కడి విద్యార్థి. ఉత్సవాల పేరిట సినిమా తారల రాత్రులకు పెట్టే ఖర్చులో కొంత తీసి కళాశాల ఆవరణలో రోజూ సాయంత్రం వీణ కచేరీ పెట్టొచ్చు. పక్కనే గొల్లపల్లి పనివాళ్లను కూర్చోబెట్టి ఆర్డర్లు రాయించుకోవచ్చు. పెద్ద వీణ అప్పటికప్పుడు సంచిలో వేసుకుని వెళ్లే సరుకు కాదు కనుక అడ్వాన్సు తీసుకుని తర్వాత ఇంటికి పంపే ఏర్పాటు ఉండాలి. ఖద్దరుకు పేరున్న శ్రీకాకుళం జిల్లా పొందూరు కూడా దూరమేం కాదు. వాలుగ చేప దవడతో పత్తిని శుభ్రం చేసి నూలు వడకడం ఎంతమంది చూశారు? గొల్లపల్లికీ, పొందూరుకూ ఉదయం వెళ్లి సాయంత్రం తిరిగొచ్చే ఆర్టీసీ ప్రత్యేక బస్సులు వేస్తే, పొద్దున్నే బయల్దేరాలి కాబట్టి యాత్రికుడు ఆ రాత్రి విజయనగరంలోనే ఉంటాడు. గది అద్దె, ఆటో కిరాయి, రెండు పూటల భోజనం ఊరికి దక్కుతాయి.

అమ్మవారి సంబరం ఈవెంట్ కాకూడదన్న భయం సబబే. మాను, దాని ముందు సాగే పాలధార, బెస్తవారి వల, అంజలి రథం నడిచే తీరులో పర్యాటక శాఖ వేలు పెట్టనక్కర్లేదు. గుడి ఆచారం గుడిది, చుట్టూ జరిగే వ్యాపారమే మేం మాట్లాడుతున్నది. ఒకప్పుడు గోగునార, జూట్ మిల్లులు ఈ జిల్లాకు కూడు పెట్టాయి. లాకౌట్లతో ఆ దారి ఇరుకైంది, జనం వలస పట్టారు. పండుగ బేరం మిల్లు జీతానికి సాటి రాదు, ఆ భ్రమ మాకు లేదు. భోగాపురం విమానాశ్రయం పేరు చెప్పి ఎన్ని కలలు కన్నా, దిగినవాళ్లు నేరుగా విశాఖ బీచ్‌కే పోతే మనకు ఒరిగేదేమీ లేదు.

అన్నిటికన్నా ముందు తేల్చాల్సింది కలప సంగతి. వీణకు పనికొచ్చే లావు పనస పెరగడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది, ముదురు చెట్లు దొరకడం కష్టమవుతోంది. అటవీ శాఖ, జిల్లా యంత్రాంగం కలిసి ప్రభుత్వ బంజర్లలో పనస మొక్కలు నాటించే పని ఈ వానాకాలంలోనే మొదలుపెట్టాలి.