‘ఏటి’ అంటే నవ్వెందుకు?

హైదరాబాద్‌లో అద్దె ఇల్లు చూడ్డానికి వెళ్తే ఓనరు ముందు జీతం అడుగుతాడు, తర్వాత ఊరు. శ్రీకాకుళం అనగానే ఒక నవ్వు. ‘ఏటి బావూ’ అని మా యాసలోనే ఓ మాట విసురుతాడు. ఆ వెంటనే జాలి: ‘పాపం, వెనకబడిన జిల్లా కదా!’

జాలి కంటే ఆ నవ్వే నయం. వెనకబడిన జిల్లా అంటే తప్పు జిల్లాదే అన్నట్టుంటుంది. వలసలు లేవని నేననను. మా మత్స్యకారులు గుజరాత్‌లోని వీరావల్ దాకా వేటకి పోతారు. అలా వెళ్లి 2018లో పాకిస్తాన్‌కి చిక్కినవాళ్లు 2020 జనవరికి గానీ బయటపడలేదు. 193 కిలోమీటర్ల తీరం ఉన్న జిల్లాలో మూలపేట పోర్టుకి శంకుస్థాపన జరిగింది 2023లో. ఇందులో వెనకబడింది ఎవరు?

పొందూరు వెళ్లి ఓ నూలు వడికే ఇంటి గుమ్మంలో కూర్చోండి. ముసలమ్మ చేతిలో ఉన్నది దువ్వెన కాదు, వాలుగ చేప దవడ ఎముక. దాని సన్నటి పళ్లతో కొండపత్తిని గింజ మీదే దువ్వుతుంది, నలక కూడా మిగలకుండా. ఆ తర్వాతే గింజ తీయడం, ఏకడం, రాట్నం ఎక్కించడం. నూరో నంబరు నూలు, అంటే బాగా సన్నటి నూలు, అలా వస్తుంది. ఆ పంచెలు కట్టుకుని అసెంబ్లీకి వెళ్లే నాయకులకి పొందూరు ఖద్దరంటే గొప్ప. పొందూరు మాట మాత్రం కామెడీ.

అసలు తమాషా ఇక్కడుంది. బడి పుస్తకాల్లో గ్రాంథికం వద్దని పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టింది ఈ జిల్లా పర్వతాలపేటలోనే, 1863లో. సవరల భాషకి నిఘంటువు రాసిందీ ఆయనే. నిజమే, ఆయన అడిగింది శిష్ట వ్యావహారికం, అంటే చదువుకున్నవాళ్లు మాట్లాడే తెలుగు; మా పల్లె యాస కాదు. కానీ జనం నోట్లో ఉన్న మాటకి మర్యాద ఇవ్వమన్న మనిషి పక్కవాడి పలుకు విని నవ్వమని మాత్రం అనలేదు కదా!

ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం. నా చిన్నప్పుడు ‘ఏటి సార్’ అన్నందుకు ఓ మాస్టారు నన్ను బెంచీ ఎక్కించారు. ‘ఏమిటి సార్’ అనేదాకా దిగనివ్వలేదు. ఇంటికెళ్లి ‘ఏమిటమ్మా’ అంటే, ఒంట్లో బాగోలేదేమో అని మా అమ్మ నుదురు పట్టుకు చూసింది.