పాక్-12 కూలిన నేరం ఆటగాళ్ల మీద ఎందుకు?

అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ సీజన్ మొదలైందంటే మా డాలస్ వైపు తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతుంది. దాని సారాంశం ఇది: "వందేళ్లుగా ఇరుగుపొరుగు కాలేజీలే ఒక కాన్ఫరెన్స్‌గా ఏర్పడి ఆడుకునేవి. 2021లో ఆటగాళ్లకు డబ్బు ముట్టడం మొదలయ్యాక ఆ డబ్బు కోసం యూనివర్సిటీలు గూళ్లు మార్చాయి, పాక్-12 నాశనమైంది. సత్తా ఉన్నవాళ్లు పైకెళ్లారు, లేనివాళ్లు మిగిలారు. ఏదైతేనేం, ఆ ఆదాయంతో పిల్లల ఫీజులు తగ్గుతాయి." మా బాబాయి దీన్ని ఏడాదికి రెండుసార్లైనా పంపుతాడు. ఈసారి తీరిగ్గా జవాబు రాస్తున్నాను. (కాన్ఫరెన్స్ అంటే ఒకరితో ఒకరు ఆడుకుంటూ, ఆటల టీవీ హక్కులు కలిసి అమ్ముకునే కాలేజీల సంఘం. పాక్-12 పశ్చిమ తీరం వైపు సంఘం.)

ముందు ఆ "వందేళ్లు" సంగతి. 1932లో 13 కాలేజీలు సదరన్ కాన్ఫరెన్స్ నుంచి విడిపోయి ఎస్ఈసీ (సౌత్‌ఈస్టర్న్ కాన్ఫరెన్స్) పెట్టుకున్నాయి. 1953లో అదే సదరన్ నుంచి ఇంకో ఏడు బయటికొచ్చి ఏసీసీ (అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్) కట్టుకున్నాయి. బిగ్ టెన్ అనే మరో కాన్ఫరెన్స్‌ను స్థాపించిన వాటిలో ఒకటైన షికాగో యూనివర్సిటీ 1946లో అందులోంచి తప్పుకుంది. జార్జియా టెక్ 1964లో ఎస్ఈసీని వదిలేసింది. మనం ఏడుస్తున్న ఈ పాక్-12 కూడా ఒక శిథిలం మీద లేచిందే. 1915లో పుట్టిన పసిఫిక్ కోస్ట్ కాన్ఫరెన్స్ 1959లో రద్దయితే, అందులో మిగిలినవాళ్లు మళ్లీ కట్టుకున్న ఇల్లు ఇది. ఆ రద్దుకు కారణం ఆటగాళ్లకు చాటుమాటుగా డబ్బులిచ్చిన కుంభకోణం. "చూశావా, అప్పుడూ డబ్బే" అని బాబాయి అనొచ్చు. నిజమే, కానీ అప్పట్లో ఆటగాళ్లకు డబ్బివ్వడం నిషేధం. నిషేధం ఉన్న రోజుల్లోనే ఇల్లు కూలిందంటే, నిషేధం ఎత్తేయడం వల్లే ఈసారి కూలిందని ఎలా అంటాం?

రెండోది అసలు ఆరోపణ. ఇక్కడ తేదీలు చూడాలి.

ఆటగాళ్లు తమ పేరు, ముఖం వాడుకోనిచ్చి ప్రకటనల ద్వారా సంపాదించుకోవచ్చని కాలేజీ క్రీడల జాతీయ సంస్థ ఎన్‌సీఏఏ ఒప్పుకున్నది 2021 జులై 1న. దీన్నే ఎన్ఐఎల్ అంటున్నారు. టెక్సస్, ఒక్లహోమా యూనివర్సిటీలు ఎస్ఈసీకి వెళ్తున్నాయన్న వార్త అదే నెల 21న బయటపడింది. మెసేజ్ రాసినవాళ్లకు ఇది దొరికిన దొంగలా కనిపించి ఉంటుంది. మన దగ్గర ఇరవై రోజుల్లో పెళ్లి చేయడమే కష్టం, రెండు ప్రభుత్వ యూనివర్సిటీలు కాన్ఫరెన్స్ మారతాయా? ఎస్ఈసీ, క్రీడల చానల్ ఈఎస్‌పీఎన్ మధ్య పెద్ద ప్రసార ఒప్పందం అంతకు ముందే, 2020 డిసెంబరులో, కుదిరింది.

అంతకన్నా ముఖ్యమైన విషయం, ఎన్ఐఎల్ డబ్బు యూనివర్సిటీ ఖజానాలోంచి వచ్చేది కాదు. కంపెనీలు ఇచ్చేవి, లేదంటే ఆ కాలేజీ అభిమానులు చందాలేసుకుని పెట్టిన కలెక్టివ్‌లు ఇచ్చేవి. స్కాలర్‌షిప్, చదువు పేరుతో ఏడాదికి 5,980 డాలర్ల వరకు ప్రోత్సాహకం మినహా ఆటగాళ్ల చేతిలో యూనివర్సిటీ నేరుగా డబ్బు పెట్టకూడదు. ఈ కట్టు తెగింది 2025 జులై 1న, ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన హౌస్ కేసులో కోర్టు ఆమోదించిన ఒప్పందం అమల్లోకి వచ్చినప్పుడు. అంటే 2022, 2023లలో కాన్ఫరెన్స్ మారతామని ప్రకటించిన యూనివర్సిటీలు ఆ టీవీ డబ్బును జీతాలుగా పంచడానికి రూలే లేదు.

మరి కదిలించింది ఏమిటి? 1984లో అమెరికా సుప్రీంకోర్టు ఎన్‌సీఏఏకు వ్యతిరేకంగా 7-2తో ఒక తీర్పిచ్చింది. కేసు వేసింది ఒక్లహోమా, జార్జియా యూనివర్సిటీలు. అప్పటిదాకా ఏ ఆట టీవీలో రావాలో, ఎన్నిసార్లు రావాలో ఎన్‌సీఏఏ ఒక్కటే తేల్చేది. ఆ గుత్తాధిపత్యం చెల్లదని కోర్టు అన్నాక ఎవరి ఆటలు వాళ్లు అమ్ముకోవచ్చు. అమ్ముకునేటప్పుడు ఎక్కువమంది చూసే జట్లు చేతిలో ఉంటే ధర పెరుగుతుంది. తర్వాతి కథంతా ఆ బేరమే.

మా టెక్సస్‌లోనే చూడండి. 1914లో మొదలైన సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్‌లో ఆర్కన్సా తప్ప మిగతావన్నీ టెక్సస్ కాలేజీలే అయిపోయాయి. ఆర్కన్సా ఎస్ఈసీకి వెళ్లిపోయాక ఒకే రాష్ట్రానికి పరిమితమైన సరుకు మిగిలింది. 1996లో దుకాణం మూతపడింది. నాలుగు కాలేజీలు బిగ్ 12 అనే కాన్ఫరెన్స్‌కు వెళ్లాయి, మిగతా నాలుగూ (టీసీయూ, రైస్, హ్యూస్టన్, ఎస్ఎమ్‌యూ) దిక్కులు చూశాయి. 2011లో టెక్సస్ యూనివర్సిటీకి ఈఎస్‌పీఎన్ సొంత చానల్ పెట్టింది, 20 ఏళ్లకు 300 మిలియన్ డాలర్లు. ఆ అసమానత నచ్చని టెక్సస్ ఏ అండ్ ఎమ్ మరుసటి ఏడాదే ఎస్ఈసీ బాట పట్టింది. 1894లో మొదలైన వాళ్ల పోటీ 2011 తర్వాత ఆగిపోయి, మళ్లీ 2024 నవంబరులో జరిగింది. ఆ పదమూడేళ్లలో మొదటి పదేళ్లు ఎన్ఐఎల్ లేనే లేదు.

పాక్-12 దగ్గరికొస్తే 2022 జూన్ 30న లాస్ ఏంజెలస్ యూనివర్సిటీలు యూఎస్‌సీ, యూసీఎల్ఏ బిగ్ టెన్‌కు వెళ్తున్నామన్నాయి. లాస్ ఏంజెలస్ అమెరికాలో రెండో అతిపెద్ద టీవీ మార్కెట్. అది పోయాక మిగిలిన పది కాలేజీల ఆటలకు గిరాకీ పడిపోయింది. బిగ్ టెన్ మాత్రం ఆ ఆగస్టులోనే ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీలతో ఏడేళ్లకు 7 బిలియన్ డాలర్లు దాటిన ఒప్పందం చేసుకుంది. పాక్-12కు చివరికి చందాదారుల సంఖ్య మీద ఆధారపడే ఆపిల్ స్ట్రీమింగ్ ఆఫర్ ఒకటి దొరికింది. 2023 ఆగస్టు 4న ఒక్కరోజే ఐదు కాలేజీలు వెళ్లిపోతున్నామన్నాయి. వాటిలో ఆరెగాన్, వాషింగ్టన్ బిగ్ టెన్‌లో దాదాపు సగం వాటాకే ఒప్పుకున్నాయి.

నా వాదనకు కాస్త అడ్డొచ్చే కేసు ఒకటుంది, దాచను. డాలస్‌లోని ఎస్ఎమ్‌యూ తొమ్మిదేళ్లు టీవీ డబ్బు ఒక్క పైసా తీసుకోనని ఏసీసీలో చేరింది. ఆటగాళ్లకు దొంగచాటుగా డబ్బులిచ్చిందని 1987 సీజన్ మొత్తం ఆడకుండా ఎన్‌సీఏఏ శిక్షించింది ఈ ఎస్ఎమ్‌యూనే. వాళ్ల పూర్వ విద్యార్థులు సంపన్నులు, పెద్ద బల్ల దగ్గర కుర్చీ కోసం ఆగగలరు. ఏసీసీ ఎందుకు ఒప్పుకుందంటే, కొత్త సభ్యుడు వదులుకున్న టీవీ వాటా పాతవాళ్లు పంచుకోవచ్చు కాబట్టి.

సత్తా ఉన్నవాళ్లే పైకెళ్లారన్నది మూడో ముక్క. పాక్-12లో చివరికి మిగిలిన రెండిట్లో ఆరెగాన్ స్టేట్ 2022లో 10 ఆటలు గెలిచింది, సీజన్ చివర ఆడే 'బౌల్' ఆటలో ఫ్లోరిడాను 30-3తో చిత్తు చేసింది. దాని తప్పల్లా కోర్వాలిస్ అనే చిన్న ఊళ్లో ఉండటం. రట్గర్స్ యూనివర్సిటీని చూడండి. 1869లో ప్రిన్స్‌టన్‌తో మొట్టమొదటి కాలేజీ ఫుట్‌బాల్ ఆట ఆడిందన్న ఘనత తప్ప పెద్ద పేరు లేదు. అయినా 2014లో బిగ్ టెన్ దాన్ని చేర్చుకుంది, ఎందుకంటే అది న్యూయార్క్ పక్కన న్యూజెర్సీలో ఉంది. అక్కడి కేబుల్ బిల్లులో బిగ్ టెన్ చానల్‌కు నెలనెలా వచ్చే డాలర్ కోసం. (పేరులో పది, లోపల పద్దెనిమిది. బిగ్ 12లో పదహారు. కాలిఫోర్నియా కాలేజీలు అట్లాంటిక్ కోస్ట్‌లో. లెక్కలూ భూగోళమూ వీళ్లకు ఎవరు చెప్పారో!)

ఫీజులు తగ్గడం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. యూసీఎల్ఏ వెళ్లింది క్రీడా విభాగం 100 మిలియన్ డాలర్లకు పైగా లోటులో ఉండగా. పైగా అది వెళ్లడంతో నష్టపోయిన సోదర యూనివర్సిటీ బర్క్‌లీకి ఏటా 10 మిలియన్లు కట్టమని రెండిటినీ నడిపే బోర్డు సభ్యులు (రీజెంట్లు) చెప్పారు. ఎమ్ఎస్‌కు వచ్చే పిల్లలు "బిగ్ టెన్" అంటే చదువు ర్యాంకు అనుకుంటారు, అది ఆటల సంఘం. ఆ యూనివర్సిటీల మధ్య చదువు విషయంలో సహకారం ఉన్నమాట నిజమే, కానీ ఫీజుతో దానికి సంబంధం లేదు.

బాబాయి వైపు న్యాయం కొంత ఉంది. 2025 నుంచి ఒక్కో యూనివర్సిటీ ఆటగాళ్లకు నేరుగా డబ్బు పంచొచ్చు, 2025-26లో దాని పరిమితి 20.5 మిలియన్ డాలర్లు. ఆ ఖర్చు భారమై ఇకముందు కదలికలకు ఒత్తిడి పెరగొచ్చు. అయితే ఒక పందెం కాద్దాం. బిగ్ టెన్ ఒప్పందం 2029-30తో ముగుస్తుంది, బిగ్ 12ది 2030-31తో. ఏసీసీ వదిలి వెళ్లడానికి కట్టాల్సిన రుసుము ఏటా తగ్గుతూ 2030-31కి 75 మిలియన్లకు దిగుతుంది. మళ్లీ పెద్ద గుంపు కదిలేది ఆ తేదీల చుట్టూ అయితే నేను గెలిచినట్టు, కాఫీ ఖర్చు బాబాయిది. అంతకు ముందే, ఆటగాళ్ల వాటా పెరిగిన ఏడాదిలో కదిలితే ఖర్చు నాది.