అర్థమైతే ప్రమాదం: బహుపదుల బోధనపై ఒక హెచ్చరిక

లెక్కల క్లాసుల్లో ఈమధ్య ఒక దుర్వ్యసనం ప్రబలుతోంది. కొందరు టీచర్లు బహుపదులను, అంటే ఎక్స్ స్క్వేర్ ప్లస్ 5 ఎక్స్ ప్లస్ 6 లాంటివాటిని, పిల్లలకు అర్థమయ్యేలా చెబుతున్నారు. బోర్డు మీద బొమ్మలు గీస్తున్నారు, ‘ఎందుకు?’ అని అడగనిస్తున్నారు, అడిగినవాణ్ని కూర్చోబెట్టకుండా జవాబు కూడా చెబుతున్నారు. ఇది ఇలాగే సాగితే బీజగణితమంటే చెమటలు పట్టని తరం ఒకటి బయల్దేరుతుంది. అప్పుడు మనం పడ్డ టెన్షన్ గురించి ఎవరికి చెప్పుకుని గొప్పలు పోవాలి? పరిస్థితి చేయి దాటకముందే పాత పద్ధతి గొప్పతనాన్ని నలుగురికీ గుర్తు చేద్దామని ఈ ప్రయత్నం.

పాత పద్ధతిలో తొలి మంత్రం: ‘ఈక్వల్ టు దాటితే గుర్తు మారుతుంది.’ ప్లస్ అవతలికి వెళ్తే మైనస్, మైనస్ ఇవతలికి వస్తే ప్లస్. సరిహద్దు చెక్‌పోస్టు దగ్గర పాత కార్డు ఇచ్చేసి కొత్త కార్డు తీసుకున్నట్టు. ఎందుకు మారుతుందంటే, దాటింది కాబట్టి. నిజానికి అక్కడ ఏదీ ఎక్కడికీ దాటదు. ఎక్స్ ప్లస్ 7 ఈక్వల్ టు 10 అన్నప్పుడు రెండు వైపుల నుంచీ 7 తీసేస్తాం. ఎడమ పక్క ఎక్స్ మిగులుతుంది, కుడి పక్క 3 మిగులుతుంది, అంతే సంగతి. తీసివేతలో ఉన్న పదాన్ని రెండు వైపులా కలిపి పూడ్చడం, రెండు వైపులా ఉన్నదాన్ని చెరో వైపు నుంచీ తగ్గించడం అనే ఈ పనులనే సుమారు 820లో బాగ్దాద్‌లో కూర్చుని అల్ ఖ్వారిజ్మీ అనే గణితజ్ఞుడు పద్ధతిగా రాసిపెట్టాడు. కానీ ఇదంతా చెప్పడానికి పది నిమిషాలు పడుతుంది, మంత్రానికి రెండు సెకన్లు చాలు. ఫలితాలు కూడా అంత ఘనంగానూ ఉంటాయి. 3 ఎక్స్ ఈక్వల్ టు 12 అని ఇచ్చి చూడండి. బుద్ధిమంతుడైన కుర్రాడు 3ను అవతలికి పంపుతాడు, గుర్తు మారుస్తాడు, 12 మైనస్ 3, కాబట్టి ఎక్స్ ఈక్వల్ టు 9 అని రాసి కింద రెండు గీతలు కూడా కొడతాడు. మనం చెప్పినదాంట్లో వాడు ఒక్క ముక్క జవదాటలేదు. అలాంటి విధేయుడికి సున్నా వేయడానికి మనకు చేతులెలా వస్తాయో నాకు అర్థం కాదు.

ఇక 2 ఎబి సమస్య. ‘ఎ ప్లస్ బి హోల్ స్క్వేర్ ఎంత?’ అని ఏ క్లాసులో అడిగినా ముందుగా వినిపించే జవాబు ‘ఎ స్క్వేర్ ప్లస్ బి స్క్వేర్’. అసలు జవాబులో వీటితో పాటు 2 ఎబి కూడా ఉంటుంది. ఇంతటి ఏకాభిప్రాయం ఇంకే విషయంలోనూ కుదరదు. ప్రజాస్వామ్యానికి విలువిచ్చేవాళ్లమైతే ఎప్పుడో 2 ఎబిని రద్దు చేసి ఉండాల్సింది. అడ్డుపడేవి అంకెలే. 3, 4 కలిపి వర్గం చేస్తే 49. విడివిడిగా చేసి కలిపితే 9, 16, మొత్తం 25. మధ్యలో 24 ఏమైంది అన్న ప్రశ్న రాకూడదంటే అంకెలు వేసి చూసే అలవాటు మొగ్గలోనే తుంచేయాలి.

బొమ్మ మరీ డేంజర్. భుజం ఎ ప్లస్ బి ఉండేలా చతురస్రం గీసి, లోపల ఒక నిలువు గీత, ఒక అడ్డగీత గీశారనుకోండి. ఒక మూల ఎ చతురస్రం, ఎదురు మూల బి చతురస్రం, మిగిలిన రెండు మూలల్లో ఎ పొడవు, బి వెడల్పుతో రెండు దీర్ఘచతురస్రాలు తేలతాయి. ఆ రెండే 2 ఎబి. ఒకసారి చూసినవాడు ఇక మర్చిపోడు. మర్చిపోకపోతే రివిజన్ క్లాసులు ఎవరికి పెట్టాలి? (ఒకటీ ఒకటీ కలిస్తే సున్నా అయ్యే సంఖ్యావ్యవస్థలు గణితంలో నిజంగానే ఉన్నాయి, అక్కడ 2 ఎబి తనంతట తానే మాయమైపోతుంది. వెనక బెంచీలకు ఈ కబురు చేరనివ్వకండి, రీవాల్యుయేషన్‌కు పెట్టుకుంటారు.)

తర్వాతది కారణాంక విభజన, అంటే బహుపదిని చిన్న ముక్కల గుణకారంగా విడగొట్టడం. ఎక్స్ స్క్వేర్ ప్లస్ 5 ఎక్స్ ప్లస్ 6. కలిపితే 5, గుణిస్తే 6 రావాలి. 2, 3. అంటే ఎక్స్ ప్లస్ 2, ఎక్స్ ప్లస్ 3 అనే రెండు ముక్కలు. చిటికెలో అయిపోయింది. పుస్తకంలోని లెక్కలన్నీ ఇంత మర్యాదస్తులే, అందుకే లోకంలోని బహుపదులన్నీ ఇలాగే ఒదిగి ఉంటాయని పిల్లల నమ్మకం. అసలు సంగతి వేరు. ఎక్స్ స్క్వేర్ ప్లస్ బి ఎక్స్ ప్లస్ సి తీసుకుని, బి, సిలకు 1 నుంచి 10 వరకు ఏ పూర్ణసంఖ్య అయినా వేయొచ్చు అనుకుందాం. మొత్తం 100 బహుపదులు తయారవుతాయి. వాటిలో పూర్ణాంకాలతో కారణాంకాలుగా విడిపోయేవి సరిగ్గా 14. నమ్మకపోతే కాగితం తీసుకోండి, పావుగంట పని. మిగతా 86 మొండిఘటాలను గడప తొక్కనివ్వకుండా ఆ కొద్దిమందినే తిప్పితిప్పి అభ్యాసాలన్నీ నింపేయడం ఎంత నేర్పరితనం! పై లెక్కలో చివరి 6 చెరిపేసి 5 వేసి చూడండి. కలిపితే 5, గుణిస్తే 5 వచ్చే పూర్ణాంకాలు లేవు. ‘సార్, లెక్క తప్పిచ్చారు’ అంటుంది క్లాసు ముక్తకంఠంతో.

మొండిఘటాలకు ఫార్ములా ఉంది కదా. ఎ ఎక్స్ స్క్వేర్ ప్లస్ బి ఎక్స్ ప్లస్ సి ఈక్వల్ టు సున్నా అయితే ఎక్స్ ఎంతో చెప్పేది. మైనస్ బి ప్లస్ ఆర్ మైనస్ రూట్ ఓవర్ బి స్క్వేర్ మైనస్ ఫోర్ ఎసి బై టు ఎ. ఊపిరి తీసుకోకుండా చెప్పాలి, మధ్యలో ఆగితే మళ్లీ మొదటికి వెళ్లాలి. ఇది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే పాపం మాత్రం చేయకండి. భాస్కరాచార్యుడు 12వ శతాబ్దంలో తనకంటే ముందరి గణితజ్ఞుడు శ్రీధరుడి పేరు చెప్పి ఒక ఉపాయం ఇచ్చాడు: సమీకరణాన్ని 4 ఎతో గుణించి, రెండు వైపులా బి స్క్వేర్ కలిపి, 4 ఎసి తీసేయండి. ఎడమ పక్కన 2 ఎ ఎక్స్ ప్లస్ బి హోల్ స్క్వేర్ తయారవుతుంది, కుడి పక్కన బి స్క్వేర్ మైనస్ 4 ఎసి మిగులుతుంది. వర్గమూలం తీస్తే ఫార్ములా చేతికొస్తుంది, దారిలో ఒక్క భిన్నం కూడా తగలదు. మూడు వరసల్లో తేలిపోయే దీన్ని బయటపెడితే, మర్చిపోయినా మళ్లీ కట్టుకోవచ్చన్న పొగరు పిల్లలకు తలకెక్కుతుంది. మూడో ఘాతం, నాలుగో ఘాతం సూత్రాలు 1545లోనే అచ్చయినా వాటిని పిల్లల చేత బట్టీ పట్టించకపోవడం మాత్రం మన లోపమే. ఐదో ఘాతానికి వర్గమూలం, ఘనమూలం లాంటి గుర్తులతో రాసే అలాంటి సాధారణ సూత్రం ఉండనే ఉండదని 1824లో నార్వే గణితజ్ఞుడు ఆబెల్ రుజువు చేశాడు కాబట్టి అక్కడ చేయగలిగిందేమీ లేదు. విద్యార్థి సంఘాలు ఆయనకు ఇంకా ఎందుకు విగ్రహం పెట్టలేదో!

ఎక్స్ బదులు టి ఇస్తే ‘ఇది సిలబస్‌లో లేదు’ అనే హక్కు గురించి ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.

చివరిగా మార్కుల సంగతి. బ్రాకెట్లో ఎక్స్ మైనస్ 2, ఇంటు బ్రాకెట్లో ఎక్స్ మైనస్ 3, ఈక్వల్ టు 2 అని ఒక ప్రశ్న ఇచ్చాం. కుడి పక్కన సున్నా ఉంటే ఒక్కో కారణాంకాన్ని సున్నాతో సమానం చేయమని నేర్పినవాళ్లం మనమే. ఇక్కడ 2 ఉంది. కాబట్టి క్లాసు మొత్తం ఒక్కోదాన్ని 2తో సమానం చేసి 4, 5 అని రాసింది. విస్తరించి, సున్నా చేసి సాధిస్తే వచ్చే అసలు జవాబులు 1, 4. అంటే తప్పుడు దారిలో వెళ్లినా 4 తగిలింది! సగం నిజానికి సగం మార్కులు వేసి, అందరినీ పాస్ చేసి, స్టాఫ్ రూమ్‌లో నిశ్చింతగా కూర్చోవచ్చు. చెడగొట్టేది మూడో బెంచీలో కూర్చున్న పిల్లే. 4 వేసింది, 2 ఇంటు 1, సరిపోయింది. అక్కడితో ఆగొచ్చుగా? 5 కూడా వేసింది.

‘సార్, 5 వేస్తే 6 వస్తోంది.’

‘నిన్నెవరు వేసి చూడమన్నారు? కూర్చో.’