ఎలుకలకు మాత్రం మంచి రోజులొచ్చాయి

ఎలుకల ఆరోగ్యం గురించి నాకిక బెంగ లేదు. వాటికి క్యాన్సర్ తగ్గిపోయింది. షుగర్ పోయింది. మతిమరుపు వచ్చిన ముసలి ఎలుక దారి గుర్తుపట్టి తిరిగి వస్తోంది. వెన్నెముక విరిగినది లేచి నడుస్తోంది, బట్టతల మీద జుట్టు మొలుస్తోంది, లావుగా ఉన్నది సన్నబడుతోంది. ఒక జాతి ఇంత తక్కువ కాలంలో ఇన్ని రోగాల నుంచి బయటపడటం ఇదివరకెన్నడూ జరగలేదు. తోటి ప్రాణిగా నా హృదయపూర్వక అభినందనలు.

ఇదంతా నాకెలా తెలుసంటారా? మీకు తెలిసినట్టే. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో రిటైర్డ్ బ్యాంకు మేనేజరు గారు ఒకరున్నారు. విజయవాడకి ఇంకా పాల ప్యాకెట్లు దిగకముందే ఆయన ప్రపంచ శాస్త్ర పరిశోధన మొత్తాన్ని మాకు చేరవేస్తారు. "క్యాన్సర్‌కు ఇక చెక్!!!" దాని కింద రెండు దణ్ణాలు, ఒక గులాబీ. ఆ కింద పేపర్ కటింగ్. అందులో తెల్లకోటు వేసుకున్న ఒకమ్మాయి నీలం నీళ్ళున్న గాజుగొట్టాన్ని వెలుతురుకి ఎత్తి చూస్తుంటుంది. ఏ రోగమైనా, ఏ దేశమైనా ఆ నీళ్ళు నీలమే. మొదటి పేరాలో విప్లవం. రెండో పేరాలో సంచలనం. మూడో పేరాలో మానవాళికి వరం. ఇక చిట్టచివర, అమరావతి ప్లాట్ల ప్రకటన మొదలయ్యే గీతకు సరిగ్గా పైన, ఎవరికీ అడ్డం రాకుండా ఒదిగి కూర్చున్న చిన్న వాక్యం: ప్రస్తుతానికి ఈ ప్రయోగాన్ని ఎలుకలపై చేశారు.

పాపం, సబ్ ఎడిటర్ని తిట్టి లాభం లేదు. ఎలుకను దాచే కళ పై నుంచే వస్తోంది. ప్లాస్ బయాలజీ అనే పత్రికలో 2021లో ఒక పరిశీలన వచ్చింది. అల్జీమర్స్ మీద ఎలుకలతో చేసిన 623 పరిశోధన పత్రాలను ముందేసుకుని చూశారు. శీర్షికలో ఎలుక మాట ఎత్తని పత్రాలకి వార్తల్లో ఎక్కువ చోటు దొరికింది. శాస్త్రవేత్త ఎత్తకపోతే విలేకరీ తన హెడ్డింగ్‌లో ఎత్తడు. అంటే ఎలుక మొదట మాయమయ్యేది ల్యాబులోనే. మా మేనేజరు గారి దగ్గరకు వచ్చేసరికి తోక కూడా మిగలదు. అంతకు రెండేళ్ళ ముందు, 2019లో, ఒక శాస్త్రవేత్తకి ఒళ్ళు మండి ట్విట్టర్‌లో ఒక ఖాతా తెరిచాడు. ఇలాంటి వార్తలు షేర్ చేస్తూ పైన "ఎలుకల్లో" అని ఒక్క మాట తగిలించడం, అంతే ఆయన పని. విజ్ఞాన శాస్త్రానికి ఇంతకంటే పెద్ద సేవ ఈమధ్య ఎవరూ చేసినట్టు నాకు తోచదు.

ఇది కొత్త జబ్బూ కాదు. 1998 మే నెలలో న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో బోస్టన్ డాక్టర్ జూడా ఫోక్‌మన్ మందుల గురించి పడింది. ఎలుకల్లో కణితులు కరిగిపోయాయి. స్టాక్ మార్కెట్‌లో ఆ మందుల కంపెనీ షేరు ఎగిరి కూర్చుంది. అప్పుడు ఫోక్‌మన్ తనే అన్నమాట: మీరు ఎలుక అయ్యుండి మీకు క్యాన్సర్ వస్తే మేం బాగా చూసుకోగలం. ఇంత నిజాయితీపరుణ్ణి మన పేపర్లు ఎందుకు పట్టించుకుంటాయి? ఆ ఎలుకల మందులు మనుషుల్లో ఆ మహిమ చూపలేదు.

మందుల శాఖ ఒక్కటే అనుకోకండి, కరెంటు శాఖదీ ఇదే తీరు. 2022 డిసెంబర్ 5న కాలిఫోర్నియాలోని లారెన్స్ లివర్‌మోర్ ల్యాబులో, సూర్యుడిలోలా పరమాణు కేంద్రకాల్ని కలిపి శక్తి పుట్టించే ఫ్యూజన్ ప్రయోగంలో, 192 లేజర్లతో ఒక బుల్లి ఇంధన గుళికను కొడితే, దానికి అందిన 2.05 మెగాజౌళ్ళకి 3.15 మెగాజౌళ్ళు తిరిగొచ్చాయి. నిజంగా గొప్ప సంగతే, కాదనను. కానీ మా గ్రూపుకి చేరేసరికి సూర్యుణ్ణి భూమ్మీదకి దించేశారు, ఇక కరెంటు బిల్లు ఉండదన్నారు. మే నెల బెజవాడలో ఉన్న సూర్యుడితోనే వేగలేక చస్తుంటే ఇంకొకడు దేనికో నాకు అర్థం కాలేదు. సరే, కరెంటు బిల్లు భాషలో చెప్పుకుందాం. ఆ 3.15 మెగాజౌళ్ళంటే ఒక యూనిట్ కూడా కాదు. అది రాబట్టడానికి లేజర్లు గోడ ప్లగ్గు నుంచి లాగింది సుమారు 300 మెగాజౌళ్ళు, అంటే 83 యూనిట్లు. ఇది ఆ ల్యాబు వాళ్ళు దాచిన రహస్యమేం కాదు. మనమే అడగలేదు. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ బొగ్గు మండిస్తూనే ఉంది.

పర్యావరణ శాఖలో ఏడాదికోసారి పుట్టినరోజు చేసుకునే వార్త ప్లాస్టిక్ తినే బ్యాక్టీరియా. దాన్ని జపాన్‌లోని సకాయ్ నగరంలో, సీసాల రీసైక్లింగ్ కేంద్రం దగ్గర పట్టుకున్నారు. 2016లో లోకానికి చెప్పారు. 30 డిగ్రీల వేడిలో పల్చటి ప్లాస్టిక్ పొరను తినడానికి దానికి దాదాపు ఆరు వారాలు పట్టింది. ఆ ఒక్క పొర మీద ఆధారపడి మన జనం రైవస్ కాలువలోకి నిశ్చింతగా కవర్లు విసురుతున్నారు. ఎలాగూ జపాన్ నుంచి ఎవరో వచ్చి తింటారు కదా.

కానీ నా మనసు మళ్ళీ ఎలుకల మీదకే పోతోంది. ఒక్కోసారి ఓ దృశ్యం కళ్ళకు కడుతుంది. అమెరికా ఎలుక ఒకటి గన్నవరం విమానాశ్రయంలో దిగింది. అల్లాటప్పా ఎలుక కాదు, ల్యాబుల కోసమే పెంచే బ్లాక్ సిక్స్ వంశం. 1921 నుంచి తేడా రాని వంశవృక్షం. సొంతూరు మెయిన్ రాష్ట్రంలోని బార్ హార్బర్. వన్‌టౌన్ కాళేశ్వరరావు మార్కెట్‌లో కాపురముంటున్న పందికొక్కు దానికి వరసకి బాబాయ్ అవుతుంది. వెళ్ళి తీసుకొచ్చింది.

"ఏం అబ్బాయ్, అంత చిక్కిపోయావేంటి?"

"చిక్కలేదు బాబాయ్, చిక్కించారు. నాది ఊబకాయం గ్రూపు. ముందు కొవ్వు పెట్టి లావు చేస్తారు, తర్వాత మందిచ్చి సన్నం చేస్తారు. అన్నయ్యది షుగర్ గ్రూపు. చెల్లెలిది మతిమరుపు గ్రూపు. దానికి పూర్తిగా నయమైంది. పేపర్లో కూడా పడింది."

"ఎంత అదృష్టం! ఇప్పుడెలా ఉంది?"

"నయమైందో లేదో చూడ్డానికి మెదడు తీసి పల్చగా కోశారు బాబాయ్."

పందికొక్కు కాసేపు ఏం మాట్లాడలేదు. "కోసే ముందు వరకూ బానే ఉందిగా?" అంది.

"బ్రహ్మాండంగా ఉంది."

మాట మార్చాలని సంబంధాల సంగతి ఎత్తింది. "నీకు పెళ్ళి చూస్తున్నారా మరి?"

"చూసేదేముంది? మాలో అన్నాచెల్లెళ్ళకే చేస్తారు. తరతరాలుగా అంతే. అందుకే అందరం ఒకే అచ్చులో ఉంటాం, లెక్కలు తేడా రావు."

పందికొక్కు చెవులు మూసుకుంది. "మా ఇళ్ళల్లో మేనరికం దాకానే అబ్బాయ్. ఈ మాట మార్కెట్లో ఎవరితోనూ అనకు, పరువు పోతుంది."

"ఏసీ వెయ్యి బాబాయ్, ఉడికిపోతున్నాను. అక్కడ మా గదిలో ఇరవై రెండు డిగ్రీలే."

"ఇక్కడా ఇరవై రెండే. దానికి ఇంకో ఇరవై రెండు కలుపుకో. గుంటూరు వెళ్ళి మీ చిన్నాన్నని చూసొద్దాం, మిర్చి యార్డులో ఉంటున్నాడు. కారం ఘాటుకి పాపం కళ్ళు అస్తమానం నీళ్ళు కారుతుంటాయి."

"మిర్చి కారమా! మా దగ్గర దాన్ని కాలికి సూదితో ఎక్కించి, ఎంతసేపు నాక్కుంటామో రాసుకుంటారు. ఒంట్లో మంటనీ వేడినీ ఏది కనిపెడుతుందో ఆ కారంతోనే డేవిడ్ జూలియస్ అనే ఆయన 1997లో పట్టుకున్నాడు. 2021లో నోబెల్ ఇచ్చారు."

"మిర్చికా?"

"ఆయనకి."

"యార్డులో కమీషన్ ఏజెంట్లకి చెప్పకు. వాటా అడుగుతారు."

"ఇంతకీ మీరు ఏ ల్యాబులో చేస్తారు బాబాయ్? మీకూ ఆసుపత్రులతో ఏమైనా సంబంధం ఉందా?"

పందికొక్కు జవాబు చెప్పలేదు.

నేను చెబుతాను. ఈ సరదా ఇంతటితో చాలు. 2015 ఆగస్టులో గుంటూరు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో, పసిపిల్లల ఐసీయూలో, పుట్టి పట్టుమని పది రోజులైన మగబిడ్డను ఎలుకలు కొరికాయి. బిడ్డ చనిపోయాడు. మన ఊరి ఎలుకల వార్త అది. అందులో నీలం నీళ్ళు లేవు. దాన్ని ఆపడానికి ఏ యూనివర్సిటీ ఏ విప్లవం తేవాల్సిన పని లేదు. కన్నాలు పూడ్చే మేస్త్రీ ఒకడు, కిటికీలకి ఇనుప జాలీ, ఎంగిలి అన్నం వార్డు దగ్గర పడేయకుండా చూసే మనిషి ఒకరు చాలు. ఇదంతా మన ముత్తాతల కాలం నుంచి తెలిసిన శాస్త్రం. ప్రపంచంలో ఎలుకల ప్రాణాల మీద ఇంత డబ్బు పోస్తున్న ఈ రోజుల్లో, ఒక పసివాడిని ఎలుక బారి నుంచి కాపాడటానికి మన దగ్గర జాలీ లేకపోయింది. అప్పుడు హడావిడి చేశాం, మంత్రులొచ్చారు, కెమెరాలొచ్చాయి. తర్వాత మనం కూడా అన్నీ మర్చిపోయాం. ఆ జబ్బుకి ఎలుకల్లోనే మందు దొరికింది.

నిజంగా ఎలుకను దాటి మనిషి దాకా వచ్చిన కబుర్లు లేవా అంటే, భేషుగ్గా ఉన్నాయి. హెచ్ఐవీ రాకుండా ఏడాదికి రెండుసార్లు వేసుకునే లెనకాపవిర్ ఇంజెక్షన్ ఉంది. దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో రెండు వేల మందికి పైగా అమ్మాయిలకు ఇస్తే ఒక్కరికీ హెచ్ఐవీ సోకలేదని 2024లో తేలింది. అమెరికాలో దాని ధర ఏడాదికి 28 వేల డాలర్ల పైమాటే. మన హైదరాబాద్ కంపెనీలు డాక్టర్ రెడ్డీస్, హెటిరో 2027 నుంచి పేద దేశాలకి ఏడాదికి సుమారు 40 డాలర్లకే ఇస్తామని 2025 సెప్టెంబర్‌లో ప్రకటించాయి. దేశంలో హెచ్ఐవీ ఎక్కువగా ఉన్న జిల్లాల్లో ఒకటని గుంటూరుకి ఒకప్పుడు పేరు. అక్కడ ఈ వార్తకి బాణాసంచా కాల్చాలి. మా గ్రూపులో ఒక్క దణ్ణం పడలేదు. ఆ జబ్బు పేరున్న వార్తని ఫార్వర్డ్ చేస్తే ఎవరేమనుకుంటారోనని భయం.

ఇంకొకటి ఉంది, దానికి ల్యాబు కూడా అక్కర్లేదు. విరోచనాలకి పట్టే ఓఆర్ఎస్: లీటరు నీళ్ళు, ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరాతో జనం రాలిపోతుంటే, సెలైన్ సీసాలు అయిపోయి, డాక్టర్ దిలీప్ మహలనాబిస్ ఇలాంటి ద్రావణాన్నే డ్రమ్ముల్లో కలిపి ఇప్పించారు. నూటికి ముప్ఫై మంది దాకా పోతున్న చోట మరణాలు నాలుగుకి లోపు పడ్డాయి. ఈ శతాబ్దపు అతి ముఖ్యమైన వైద్య ఆవిష్కరణ ఇదే కావచ్చని 1978లో లాన్సెట్ పత్రిక రాసింది. మన ప్రభుత్వం పద్మవిభూషణ్ 2023లో ఇచ్చింది. ఆయన 2022 అక్టోబర్‌లో పోయారు.

దాన్ని కనిపెట్టిన యాభై ఏళ్ళకు కూడా గుంటూరు, బెజవాడలకి ఆ గ్లాసు అవసరం తీరలేదు. 2018లో గుంటూరు పాతబస్తీలో తాగే నీళ్ళలో మురుగు కలిసి అతిసారంతో మనుషులు చచ్చిపోయారు. కృష్ణ ఒడ్డున ఉన్నవాళ్ళం, ఇప్పటికీ కుళాయి తిప్పి ముందు వాసన చూస్తాం, తర్వాత రంగు చూస్తాం, ఆ తర్వాత క్యాన్ నీళ్ళకి ఫోన్ చేస్తాం. గాలిలోంచి నీళ్ళు పట్టగల పదార్థాలు చేసినవాళ్ళకి 2025లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చిందని గ్రూపులో మహా సంబరం. గాలి దాకా ఎందుకు, పైపులోంచి వచ్చే నీళ్ళు నీళ్ళలా ఉంటే మాకదే నోబెల్.

ఆ ఉప్పూ పంచదారా కూడా మనకి సవ్యంగా మిగల్చలేదు. ఓఆర్ఎస్ అని పేరు రాసి, నిండా చక్కెర పోసిన పళ్ళరసం డబ్బాలు మందుల షాపుల్లో ఏళ్ళ తరబడి అమ్మారు. విరోచనాలవుతున్న బిడ్డకి అంత చక్కెర పడితే ఒంట్లో నీళ్ళు ఇంకా పోతాయి. 2022లో ఆహార భద్రతా సంస్థ ఒకసారి వద్దంది. మూడు నెలలకే, ఇది ఓఆర్ఎస్ కాదని చిన్న అక్షరాల్లో రాసి అమ్ముకోండని దారిచ్చింది. హైదరాబాద్‌లో పిల్లల డాక్టరమ్మ ఒకావిడ ఏళ్ళపాటు ఒంటరిగా కొట్లాడితే, 2025 అక్టోబర్‌లో ఆ పేరు వాడకూడదని ఉత్తర్వు వచ్చింది. ఉన్న సరుకు అమ్ముకోనివ్వమని వెంటనే కోర్టుకెక్కారు. ఆ డబ్బాల్ని ముందుగా ఎలుకల మీద పరీక్షించారని మాత్రం ఏ పేపర్లోనూ చదవలేదు. నేరుగా పిల్లలకే పట్టారు.