ముందు ఒక పద్ధతికి కట్టుబడండి, తర్వాత కొత్తది చెప్పండి

కర్నూలు సోనా బియ్యం అమ్మే ఒక వ్యాపారి వెబ్‌సైటులో ఆకుపచ్చ బటన్‌ను కాస్త ముదురు చేయమన్నారు. ఇంతే పని. మార్చాను. దుకాణం పేజీలో మారింది, బిల్లు పేజీలో మారలేదు. వెతికితే, ఆ పేజీ కోసం ఎవరో సీఎస్ఎస్‌లో (పేజీ రంగులూ రూపమూ చెప్పే కోడ్) ఐడీని, అంటే ఆ ఒక్క బటన్‌కే ఇచ్చిన గుర్తును, పట్టుకుని వేరే రూలు రాసి, దానికి ఇంపార్టెంట్ (మిగతా రూళ్లను పక్కకు నెట్టే మాట) కూడా తగిలించారు. ఐడీ ముందు ఎన్ని క్లాసులు (ఎన్ని బటన్లకైనా కలిపి పెట్టగల పేర్లు) పెట్టినా నిలవవు. ఇంపార్టెంట్ వస్తే ఆ ఐడీ కూడా తలవంచాల్సిందే. దాన్ని గెలవడానికి నేను ఇంకో ఇంపార్టెంట్ రాయాలా? రాయను.

ఈ మాట చెబితే బెంగళూరు నుంచి ఫోనులో ఉన్న కొత్త టీమ్ లీడ్ ఇచ్చిన సలహా: "మొత్తం టెయిల్‌విండ్‌లోకి మార్చేద్దాం." ఒళ్లు మండిపోయింది! టెయిల్‌విండ్ అంటే ముందే రాసిపెట్టిన చిన్న చిన్న క్లాసుల సరంజామా, దాని మీద నాకు పగ లేదు. కానీ ఆ ప్రాజెక్టులో ఒకరు బెమ్ అనే పద్ధతిలో సగం క్లాసులకు పేర్లు పెట్టి వెళ్లిపోయారు, ఇంకొకరు సీఎస్ఎస్ మాడ్యూల్స్ (ఏ ఫైలు క్లాసులు ఆ ఫైలుకే పరిమితం చేసే పద్ధతి) మొదలుపెట్టి వదిలేశారు. ఇప్పుడు మూడోది. రష్యాలోని యాండెక్స్ సంస్థ బెమ్‌ను తయారుచేసుకున్నది సరదాకు కాదు. క్లాసు పేరు చూడగానే అది పేజీలోని ఏ బ్లాకుదో, అంటే ఏ భాగానిదో తెలియాలి, రూళ్లన్నీ ఒకే బలంతో ఉండాలి, ఒకదాన్నొకటి తొక్కకూడదు. ఆ క్రమశిక్షణ చివరిదాకా పాటిస్తే నాకు ఈ రోజు ఈ గతి పట్టేదా?

2022 నుంచి ప్రధాన బ్రౌజర్లన్నింటిలో కాస్కేడ్ లేయర్లు, అంటే సీఎస్ఎస్ రూళ్లను పొరలుగా పేర్చే వీలు, ఉన్నాయి. పాత కోడ్‌ను కింది పొరలో పెడితే, అందులోని ఐడీ రూలును కూడా పై పొరలోని మామూలు క్లాసు గెలుస్తుంది. ఇంపార్టెంట్‌కు మాత్రం ఆ వరస తలకిందులవుతుంది, కాబట్టి ముందు దాన్ని ఏరిపారేయాలి. అది విసుగు పుట్టించే పని. అందుకే ఎవరూ చేయరు, కొత్త పేరు చెబుతారు.

అసలు నా కోపం వీటన్నింటికన్నా పాతది. ఆ బటన్ మీద "బుట్టలో చేర్చండి" అని ఉంటుంది. ఎత్తు కొలిచి బిగించారు, బయటికి వచ్చింది దాచెయ్యమన్నారు. ట వత్తు, చ వత్తు కింద కోసుకుపోయి తెర మీద "బుటలో చేరండి" అని కనిపిస్తోంది. మన ఊరి వ్యాపారి, మన ఊరి కొనుగోలుదారులు, మన భాష! ఇంగ్లీషు అక్షరాలతో మాత్రమే చూసి బాగుందని ముద్ర వేస్తారు. ఎత్తు తీసేసి ప్యాడింగ్ (మాట చుట్టూ ఖాళీ) పెట్టండి, లైన్ హైట్ (వరస ఎత్తు) పెంచండి అని ఎన్నిసార్లు చెప్పినా ఒకటే జవాబు, "తెలుగు సంగతి తర్వాత చూద్దాం."

ఆ "తర్వాత" ఎప్పుడూ రాలేదు. బెమ్ అయినా, టెయిల్‌విండ్ అయినా, మొదటి బటన్‌ను వత్తులున్న తెలుగు మాటతో చూపించాలని లీడ్‌కు రాసి పంపాను. అది చూపించేదాకా ఏ మార్పుకూ ఒప్పుకోను.